గేటు దగ్గర ఎవరూ లేరు, మామా

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ చిరాకు. ఇక్కడ కువైట్‌లో శుక్రవారం సెలవు దొరికితే అబ్బాసియా పేటలో మా ఊరివాళ్ళు ఉండే గదికి పోతాను. అన్నాలు తిన్నాక అక్కడ ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఫలానా అరబ్బు ఇంట్లో మేడ మీద ఏడుపు వినిపించిందని, ఫలానా పిల్ల మీదికి జిన్ను వచ్చిందని. నేను లేచి గిన్నెలు కడగడానికి పోతాను. రోజంతా చాకిరీ చేసి, నిద్ర చాలక, పిల్లల మీద బెంగ పెట్టుకున్న మనిషికి ఏదైనా వినిపిస్తుంది అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. అందుకే ఈ సంగతి రాస్తుంటే నా మీద నాకే విసుగ్గా ఉంది.

నా పేరు సుజాత. మాది రాజంపేట దగ్గర ఒక పల్లె. ఇంటర్ దాకా చదివాను. జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో పని చేస్తున్నాను. ఆ ఇంటి యజమానురాలిని అందరిలాగే నేనూ మామా అంటాను. ఆమె ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేస్తుంది. వంటకూ ఊడ్చడానికీ వేరే మనిషి పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళిపోతుంది. నా పని మామా వాళ్ళ అమ్మను చూసుకోవడం.

ఆ పెద్దామె ఇంగ్లీషు మనిషి. పడుచుతనంలో, అక్కడికి చదువుకోవడానికి వచ్చిన కువైటీ అబ్బాయిని పెళ్ళి చేసుకుని ఈ దేశానికి వచ్చేసింది. ఇంట్లో అందరూ ఆమెను గ్రానీ అంటారు. కాళ్ళు పడిపోయాయి, చక్రాల కుర్చీయే గతి. కానీ మతి మాత్రం శుభ్రంగా ఉంది. నా బాధంతా అక్కడే వచ్చింది.

ఎందుకంటే గ్రానీకి పుట్టిన ఊరి పిచ్చి. ఆ ఊరి చర్చివాళ్ళు తమ పారిష్ చరిత్ర అని ఒక పుస్తకం వేశారు. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరూ, చుట్టుపక్కల పొలాలూను. ఎవరో బంధువు ఆ పుస్తకం పంపించాడు. గ్రానీకి చూపు తగ్గింది కాబట్టి దాన్ని నేను చదివి వినిపించాలి. ఒకసారి కాదు. అయిపోగానే మళ్ళీ మొదటి పేజీ. నా ఇంగ్లీషు ఎంతంటే మందు సీసాల మీద రాసింది చదవగలను, అంతే. ప్రతి మాటకూ ఆగి, ఆమె చేత సరిదిద్దించుకుని, మళ్ళీ చదవాలి. బయట కొలిమిలాంటి ఎండ, లోపల నేను ఎవరో దొరగారి రెండో తమ్ముడు ఏ పొలం ఎవరికి అమ్మాడో చదువుతూ ఉంటాను.

ఆ ఊరికి రెండు ఎస్టేట్లు. నేను వాటికి పై బంగళా, కింద బంగళా అని పేర్లు పెట్టుకున్నాను. పై బంగళావాళ్ళు తరతరాల దొరలు. కింద బంగళావాళ్ళు ఉన్ని మిల్లుల్లో సంపాదించి తర్వాత కొనుక్కున్నవాళ్ళు. ఇద్దరికీ పడదు. మధ్యలో ఉన్న అడవి ఎవరిదని కోర్టు, చర్చిలో ముందు వరస బల్ల ఎవరిదని కోర్టు. కింద బంగళావాళ్ళు చర్చికి ఒక గంట చేయించి ఇస్తే, పై బంగళావాళ్ళు దానికంటే పెద్ద గంట చేయించి ఇచ్చారు. రెండూ ఒకేసారి కొడితే గోపురం పగుళ్ళిచ్చింది. మా మండలంలో ఎన్ని పంచాయతీలు ఉన్నాయో నాకు తెలీదు గానీ, ఆ గోపురం బాగుచేయించడానికి ఎవరెవరు చందా ఇవ్వలేదో మాత్రం నోటికి వచ్చు.

ఒక్కటి మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది. పై బంగళాలోని ఒక దొర, కిటికీలోంచి చూస్తే పేదవాళ్ళ ఇళ్ళు కంటికి అడ్డొస్తున్నాయని, వాటన్నిటినీ కూలగొట్టించి ఊరిని గుట్ట అవతలికి తోసేశాడట. ఊరి దారికి అడ్డంగా గోడ కట్టి పెద్ద గేటు పెట్టాడు. చర్చి గేటు లోపలే ఉండిపోయింది. జనం చర్చికి రావాలంటే పొలాల మీదుగా చుట్టూ తిరిగి రావాలి. శవాన్ని మోసుకొస్తే మాత్రం గేటు తీయాలి, అది ఊరి హక్కు.

గ్రానీ నాన్న ఆ గేటుకు కాపలాదారు. గేటు పక్కన రాతి ఇంట్లోనే ఆమె పుట్టి పెరిగింది. పుస్తకంలో ఆ కాపలా ఇంటి గురించి ఉన్నది ఒకే వాక్యం, అది ఎవరు కట్టించారని. అక్కడికి వచ్చినప్పుడల్లా గ్రానీ చెయ్యి ఎత్తి నన్ను ఆపేది. మళ్ళీ చెయ్యి దించి, "ఊఁ, ముందుకు పో" అనేది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, జరిగింది కూడా గేటు దగ్గరే.

మొన్నటి వేసవిలో, మధ్యాహ్నం దాటాక మసీదు నుంచి అసర్ అజాన్ వినిపించిన కాసేపటికి వీధి గేటు బెల్లు మోగింది. మా ఇంటికి రెండు రెక్కల ఇనుప గేటు. ఒక రెక్కే వాడతాం. రెండోదానికి కింద గడియ దిగేసి ఉంటుంది, నేను వచ్చాక దాన్ని తీయగా చూడలేదు. కారు పోవడానికి పక్కన షెడ్డు దారి వేరే ఉంది. నేను చెప్పులేసుకుని ఆ ఎండలో పరుగెత్తి తలుపు తీస్తే వీధిలో పురుగు కూడా లేదు. పిల్లల ఆకతాయితనం అనుకున్నాను.

మర్నాడు అదే వేళకు మళ్ళీ మోగింది. ఆ మర్నాడూ అంతే. ఆ ఎండలో ఇనుప గేటు ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది. పాత గుడ్డ ఒకటి చేతికి చుట్టుకుని పోయేదాన్ని. ఎవరూ ఉండరు. తిట్టుకుంటూ తిరిగొస్తే గ్రానీ అడిగేది.

"తీశావా సుజాతా?"

"తీశాను గ్రానీ. ఎవరూ లేరు."

"ఉన్నారు. చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నారు. చేతులు పీకుతుంటాయి పాపం."

ఎవరి చేతులు, ఎందుకు పీకుతాయి అని నేను అడగలేదు. నా చెయ్యి మండిపోతోంది, అదే నాకు లెక్క.

మా ఇంటి డ్రైవర్ మస్తాన్ అన్నది రాయచోటి. బెల్లు చెడిపోయిందని ఆయనకు చెప్పాను. ఆయన సబ్హాన్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకొచ్చాడు. అతను బటన్ విప్పి చూసి, లోపలంతా బాగానే ఉందని, అనుమానమెందుకని బటనే పీకేశాడు. వైర్లకు టేపు చుట్టి వదిలేశాడు. ఇంక పీడ విరగడైందనుకున్నాను.

మర్నాడు అజాన్ అయింది. బెల్లు మోగింది.

నేను వరండాలోకి వచ్చి మస్తాన్ అన్నను కేకేశాను. షెడ్డులో కారు తుడుస్తున్న మనిషి గుడ్డతో సహా వచ్చాడు.

"విన్యావా అన్నా?"

"ఏంది వినేది?"

"బెల్లు!"

"వైరు పీకినాక బెల్లు యాడ మోగతాది మ్మా? ఎండకు నీకు తల తిరగతాండాది. పోయి మజ్జిగ తాగు పో."

ఆయనకు వినిపించలేదు. నాకూ గ్రానీకీ వినిపించింది. ఆ రోజు నేను గేటు దగ్గరికి పోలేదు, కావాలనే పోలేదు. గ్రానీ పాలు ముట్టుకోలేదు. సాయంత్రం మామా వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది.

అక్కడి నుంచి నా కష్టాలు. మామా అడిగింది, నేను తీయలేదన్నాను. మర్నాడు కూడా తెరిచే ఉంది. పక్కింటి ఆమె కూడా మీ గేటు రోజూ తెరిచి ఉంటోందని చెప్పిందట. మామా గేటుకు తాళం వేసి, చెవి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆఫీసుకు పోయింది. అయినా సాయంత్రానికి గేటు తెరిచే ఉంది. తాళం పగల్లేదు, తీసినట్టుగా గడియకు వేలాడుతోంది.

ఆ సాయంత్రం మామా నన్ను హాల్లో నిలబెట్టింది.

"ఎవరొస్తున్నారు నీ కోసం?"

"ఎవరూ రారు మామా. గేటు దగ్గర ఎవరూ లేరు మామా."

"తాళానికి ఇంకో చెవి చేయించావా?"

"నేను బయటికి పోయేదే శుక్రవారం మామా, అదీ మస్తాన్ అన్న కారులో. యాడ చేయిస్తాను?"

అరబ్బీలో మొదలుపెట్టి తెలుగులోకి పోయానని అప్పుడు తెలిసింది. మామాకు అర్థం కాకపోయినా నా గొంతు అర్థమైనట్టుంది.

"గేటు దానంతటదే తెరుచుకుంటుందా? గురువారం నేను ఇంట్లోనే ఉంటాను. నీ అబద్ధం బయటపడిందా, నీ ఇఖామా రద్దు చేయిస్తాను. ఖలాస్, వెళ్ళిపోవడమే."

ఇఖామా అంటే ఈ దేశంలో ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, దాని మీదే నా కూతురి నర్సింగ్ చదువు నడుస్తోంది. అంతకంటే ఎక్కువగా మండింది నా గురించి అన్న మాట. ఇన్నేళ్ళలో ఒక్క మనిషి కూడా నన్ను వేలెత్తి చూపలేదు. ఇప్పుడు ఒక గేటు వల్ల, అదీ ఎవరూ లేని గేటు వల్ల, ఇంటికి మగవాళ్ళను రప్పించుకునే ఆడదాన్నయ్యాను. ఆ రోజు గ్రానీ మీద కూడా విసుక్కున్నాను. "మీ ఊరూ వద్దు, మీ దొరలూ వద్దు, నేను చదవను" అని పుస్తకం తీసి బీరువా మీద పెట్టేశాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "ఒకరోజు తీయలేదు సుజాతా" అంది. "బంగళాకు వేటకని పెద్ద పెద్ద చుట్టాలు వచ్చారు. గేటు దగ్గర శవాలూ ఏడుపులూ వాళ్ళ కంట పడకూడదని దొర కబురు పంపాడు. మా నాన్న జేబులో తాళం చెవి ఉంది. వర్షం. వాళ్ళు బయట నిలబడి బెల్లు కొడుతూనే ఉన్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. చివరికి బురదలో పొలాల మీదుగా తిప్పి మోసుకుపోయారు."

"ఎవరు పోయారు?" అన్నాను, అడగాలి కాబట్టి.

ఆమె చెప్పలేదు. కళ్ళు మూసుకుంది. నేనూ పట్టించుకోలేదు. నా గొడవలో నేనున్నాను.

గురువారం మామా ఇంట్లోనే ఉంది. తాళం తనే వేసి, చెవి మెడలో గొలుసుకు తగిలించుకుంది. హాల్లో గ్రానీ కుర్చీ పక్కనే సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. నన్ను ఎదురుగా కూర్చోమంది, దొంగను కూర్చోబెట్టినట్టు. కిటికీలోంచి గేటు కనపడుతోంది. తాళం కూడా కనపడుతోంది.

అజాన్ అయింది. మామా నమాజు చేసుకుని వచ్చి మళ్ళీ కూర్చుంది. నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను, ఈ ఒక్కరోజు బెల్లు మోగాలని. ఇన్నాళ్ళూ మోగకూడదని మొక్కిన మనిషిని.

మోగింది.

మామా తలెత్తింది. నా వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది. మళ్ళీ మోగింది. లేచి గోడ దగ్గరికి పోయి బెల్లు పెట్టె మీద చెయ్యి వేసింది. ఆమె చెయ్యి ఉండగానే మూడోసారి మోగింది. చెయ్యి లాక్కుంది.

"తియ్యమ్మా" అంది గ్రానీ. ఇన్నాళ్ళూ నాకు చెప్పిన మాట కూతురికి చెప్పింది. "వాళ్ళను నిలబెట్టకు."

మామాకు భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. నాకు ఆ కోపం బాగా తెలుసు. "యల్లా, ఎవరో ఏమిటో ఇవాళ తేలుస్తాను" అని చెప్పులు కూడా లేకుండా బయటికి నడిచింది. నేనూ వెనకాలే వెళ్ళాను. తాళం తీసి రెక్క లాగింది. ఎదురుగా ఖాళీ వీధి. తెల్లటి ఎండ. పక్కింటి డ్రైవర్, శ్రీలంక అతను, కారు కడుగుతున్నాడు. మామా నా వైపు తిరిగి ఏదో అనబోయింది.

లోపల నుంచి గ్రానీ అరిచింది. అంత గొంతు ఆమెకు ఉందని నాకు తెలీదు.

"రెండూ! రెండు తలుపులూ తియ్యండి! ఒకదాంట్లోంచి పట్టదు!"

మామా కదల్లేదు. నేనే వంగి రెండో రెక్క గడియ పట్టుకున్నాను. తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. చేతికి గుడ్డ కూడా తెచ్చుకోలేదు. మడమతో తన్ని, పైకి లాగి, ఇన్నాళ్ళ కసి అంతా దాని మీద తీర్చుకున్నాను. "రాండి! వచ్చేదుంటే రాండి, లేకుంటే నా బతుకు నన్ను బతకనీయండి!" అని తెలుగులో అరిచాను. గడియ ఊడివచ్చింది. రెక్కను లోపలికి లాగి గోడకు ఆనించి పట్టుకున్నాను. అవతలి రెక్కను మామా పట్టుకుని ఉంది.

తర్వాత జరిగింది జరిగినట్టు చెబుతాను, ఏమీ కలపను. నాకు ఏమీ కనపడలేదు. మొదట నా చేతి కింద ఇనుము చల్లబడింది. ఒక్క క్షణం ముందు కాలుతున్న ఇనుము. తర్వాత వాసన వచ్చింది. తడిసిన గొర్రె బొచ్చు వాసన. ఊళ్ళో మా ఇంటి వెనక మందలు ఉండేవి, ఆ వాసన నాకు తెలుసు. మామా గోడకు అతుక్కుని దారి ఇచ్చి నిలబడింది. తలమీది గుడ్డ ముందుకు లాక్కుని, చావు కబురు విన్నప్పుడు వాళ్ళు అనే మాట మెల్లగా అంది. నేను కూడా ఎందుకో తల వంచాను. మా మధ్యలోంచి ఏదో నెమ్మదిగా పోతున్నప్పుడు గాలి కదిలినట్టు కదిలింది. తొందరేమీ లేదు దానికి.

శ్రీలంక అతను పైపు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. "క్యా హువా? కౌన్ ఆ రహా హై?" అని అడిగాడు, ఏమైంది, ఎవరొస్తున్నారని.

అయిపోయిందని మాకు ఎలా తెలిసిందో కూడా తెలీదు. ఇద్దరం ఒకేసారి రెక్కలు వదిలేశాం. అప్పుడు చూశాం కింద. గేటు దగ్గర నుంచి వాకిలి మీదుగా, ఇంటి గోడ పక్కగా, వెనక మూలకు పోయేదాకా రాళ్ళు తడిగా ఉన్నాయి. తడి బాట అవతల ఎక్కడా మలుపు తిరగలేదు. ప్రహరీ గోడ దగ్గర ఆగిపోయింది. నేను మస్తాన్ అన్నను కేకేసి ఫోను తెమ్మన్నాను. ఆయన షెడ్డులోంచి వచ్చేలోగా ఆ ఎండకు మొత్తం ఆరిపోయింది. ఒక్క ఫోటో లేదు. ఇప్పుడు ఎవరికైనా చెబితే నా మొహం చూసి నవ్వుతారు, అది కూడా నాకు తెలుసు.

"ఏందమ్మా మళ్ళ?" అన్నాడు మస్తాన్ అన్న.

"ఏం ల్యా. పో అన్నా" అన్నాను.

లోపలికి వెళితే గ్రానీ కిటికీ వైపు తిరిగి లేదు. కళ్ళు మూసుకుని ఉంది. బుగ్గలు తడిసి ఉన్నాయి గానీ మొహం తేటగా ఉంది.

"ఎంతమంది వచ్చారు?" అని అడిగింది.

నేనే చెప్పాను. ఆలోచించకుండా, మందు ఇచ్చారా అంటే ఇచ్చాను అన్నట్టు చెప్పాను.

"నలుగురే గ్రానీ. చిన్న పెట్టే కదా."

చెప్పాక నేనేమన్నానో నాకే వినిపించింది. మామా నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

గ్రానీ తల ఊపింది. "బడిలో నా పక్కన కూర్చునేది. జ్వరం వచ్చి పోయింది" అంది. "పెట్టెను ముందువైపు వాళ్ళ నాన్న పట్టుకున్నాడు." అంతే. ఆ పిల్ల పేరు కూడా చెప్పింది గానీ, అది నేను రాయను. తర్వాత పాలు అడిగి తాగి పడుకుంది.

ఆ రోజు నుంచి బెల్లు మోగలేదు. గేటు తెరుచుకోలేదు. మామా నాకు క్షమాపణ చెప్పలేదు, వాళ్ళు చెప్పరు. నా ఇఖామా మాత్రం మారు మాట లేకుండా పొడిగించింది. ఈ సంగతి ఎవరితోనూ అనొద్దంది. ఇంతకాలం అనలేదు. చలికాలంలో గ్రానీ నిద్రలోనే పోయింది, ప్రశాంతంగా పోయింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఊరుకోకుండా నాకు నేనే సమాధానాలు వెతికాను. బెల్లు పెట్టెలో కరెంటు ఎక్కడో నిలిచి ఉంటుంది అనుకున్నాను. ఎలక్ట్రీషియన్‌ను అడిగితే నవ్వాడు. తడి ఏసీ నీళ్ళది అనుకున్నాను. ఆ పక్క గోడకు ఏసీ లేదు. పక్కింటి అతని పైపు నీళ్ళు అనుకున్నాను. అవి వీధిలోకి పారాయి, వాకిలి వీధి కంటే ఎత్తు. చలీ వాసనా ఎండదెబ్బ వల్ల అనుకున్నాను. మరి మామాకు కూడా ఒకేసారి తగిలిందా? ఆమెను ఒకసారి కదిపి చూశాను. "దారి ఇవ్వాలనిపించింది, ఇచ్చాను. ఇంక అడగకు" అంది.

ఇవన్నీ పోనీ అనుకుంటాను. బెల్లులు చెడిపోతాయి, తాళాలు ఊడతాయి, ఎండకు మనుషులు ఏదో ఒకటి చూస్తారు. నేను ఒప్పుకోలేనిది ఒక్కటే. పోయింది ఎవరో నేను ఆ మాట అనేదాకా గ్రానీ నాకు చెప్పలేదు. ఆ పుస్తకాన్ని విసుగు పుట్టేదాకా చదివాను, అందులోనూ లేదు. నా కంటికి ఒక్క మనిషి కూడా కనపడలేదు. నలుగురని, చిన్న పెట్టె అని నేను ఎలా అన్నాను? ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే భయం వేయదు, ఒళ్ళు మండుతుంది.